జపమాలకో పెట్టె తూటాలు

ఏ ఇల్లు? ఆకుపచ్చ కిటికీ రెక్కలు ఉన్నదా? దాన్ని ఆవే మరియా ఇల్లనే అంటారమ్మా, ఉత్తరాలు తెచ్చేవాడు కూడా అలాగే అంటాడు. మఠమా? ఎవరు చెప్పారు నీకు? మఠమూ లేదు, కన్యస్త్రీలూ లేరు. అందులో కాపురం ఉన్నవాడు ఏడాదికి రెండుసార్లు చర్చికి వెళ్తే గొప్ప, అందులో ఒకటి ఎవరి పెళ్ళో అయ్యుంటుంది. జోవీత ఇల్లమ్మా అది. పిస్తోళ్ళు బాగుచేసే జోవీత. పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఫౌస్తీనో, జోవీత అని మన బ్రెషా పట్నాన్ని కాపాడే పుణ్యాత్ములు ఇద్దరూ అన్నదమ్ములు కదా, వీళ్ళింట్లో మంచి పేరు పెద్దకొడుక్కి పెట్టేశారు, మిగిలింది వీడికి అంటించారు. వాడే చెప్పుకుని నవ్వేవాడు. కూర్చో, కూర్చో. కాఫీలో ఒక చుక్క గ్రాపా సారా వెయ్యనా? వద్దా? మీ తాతయితే గ్రాపాలో ఒక చుక్క కాఫీ వేసుకునేవాడు. మార్షల్ గారి మనవరాలివి అయ్యుండీ నీకు ఈ సంగతి తెలీదంటే, మీ తాత నోరు ఎంత గట్టిదో చూడు. ఆ, చెప్తా, చెప్తా. నాకేం తొందర? మా కోడలు మొక్కజొన్న పిండితో పొలెంటా కలపడం మొదలెట్టింది, అది అయ్యేసరికి గంట.

నాది చెక్కపని కదా. అక్రోటు చెక్కతో తుపాకీ మడమలు, పిస్తోలు పిడులూ చెక్కేవాణ్ణి. జోవీతదీ నాదీ ఒకటే వాకిలి. మధ్యలో నీళ్ళ కుళాయి, అటు వాడి కొట్టు, ఇటు నా కొట్టు. ఈ లోయలో ప్రతివాడూ తుపాకీలో ఏదో ఒక ముక్క చేసేవాడే, నీకు తెలుసుగా, కానీ వాడు చేసే ముక్క వేరు. అప్పట్లో ఒక చట్టం ఉండేది, ఇప్పుడు తీసేశారట, సైన్యం వాడే తూటా మామూలు జనం దగ్గర ఉండకూడదని. మరి యుద్ధం నాటి పిస్తోళ్ళు ఇంటింటికీ ఒకటి ఉండిపోయాయాయె, ఏం చెయ్యాలి? పారెయ్యాలి, లేకపోతే వేరే కొలతకి మార్పించుకోవాలి. ఆ వేరే కొలత ఏంటో తెలుసా? గుండు అదే, లావు అదే, వెనకాల ఇత్తడి తొడుగు మాత్రం రెండు మిల్లీమీటర్లు పొడుగు. అంతే! ఆ రెండు మిల్లీమీటర్లతో సైనికుడు కాస్తా సంసారి అయిపోయాడన్నమాట. మీ తాత ఎంత గొడవ చేశాడో! కారాబినియేరి పోలీసుల్లో మార్షల్‌గా చేసి అప్పుడే దిగాడు, వాళ్ళ నాన్న వదిలిపోయిన జర్మను పిస్తోలు ఒకటి ఉంది. దాన్ని తెచ్చి జోవీత బల్ల మీద దబ్బున పెట్టి, "ముప్ఫై రెండేళ్ళు సర్కారు పిస్తోలు నడుముకి కట్టుకు తిరిగినవాణ్ణి, నన్ను నమ్మరా వీళ్ళు? దొంగ వెధవ బ్యాంకుకి కొలబద్ద పట్టుకుని వస్తాడా?" అని కేకలు. జోవీత తల కూడా ఎత్తలేదు. "మీరు సర్కారు మీద అరవండి మార్షల్ గారూ, నేను గొట్టం సంగతి చూస్తాను" అన్నాడు. నాలుగు నెలలు పట్టింది. కొత్త గొట్టం, తూటా కూర్చునే గూడు కొత్తది. తర్వాత పరీక్షశాలకి పట్టుకెళ్ళాడు. అక్కడేం చేస్తారు, మామూలు కంటే బలమైన తూటా పెట్టి పేల్చి, పగలకపోతే ముద్ర కొడతారు. ఆ రోజుల్లో వాడు అన్నం తినేవాడు కాదు. ముద్ర పడ్డాక మాత్రం నాలుగు రోజుల తిండి ఒక్కపూట తినేవాడు. నేను చూశాను కదా, ఒక్కసారి పదకొండు పిట్టల్ని తిన్నాడు, పొలెంటా లెక్కే లేదు. ఏం చెప్తున్నా? ఆ, తూటాలు.

పిస్తోలు మారింది, బానే ఉంది. మరి ఆ కొలత తూటా ఎక్కడ దొరుకుతుంది? అప్పుడప్పుడే వస్తోంది, దుకాణంలో ఒక నెల ఉంటే మూడు నెలలు ఉండేది కాదు. అందుకని పేలిపోయిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, వాటిల్లో మళ్ళీ మందూ గుండూ పెట్టి ఇచ్చేవాడు జోవీత. లైసెన్సు ఉందిలే, మీ తాతే సంతకాలు పెట్టించాడు. మన గురికాళ్ళ సంఘం మొత్తానికి వాడే. తూటాలు నింపే ఇనప మీట ఒకటి ఉండేది, వంటింటి వెనక గదిలో. ఇదిగో, ఇక్కడ విను. ఆ పనిలో ప్రాణం తీసే తప్పు ఒకటే. ఒకే తొడుగులో మందు రెండుసార్లు పడకూడదు. పడితే పైకి ఏమీ తెలీదు, మూత వేసేశాక అన్నీ కవలల్లాగే ఉంటాయి. పేల్చినవాడి చెయ్యి పోతుంది. అందుకే ఒక్కొక్కడికి ఒక్కో పద్ధతి. ఒకడు పైకి లెక్కపెట్టుకుంటాడు, ఒకడు గీతలు గీసుకుంటాడు. మన జోవీతకి లెక్కంటే నిద్రొచ్చేది. వాడి పద్ధతి వాళ్ళావిడ ఎర్నెస్తా!

మే నెలలో మన వాకిళ్ళలో జపమాల చెప్తారు కదా. ఇప్పుడు ఎవరు చెప్తున్నారులే. అప్పుడు మధ్యాహ్నం గిన్నెలు తోముకోగానే ఆడాళ్ళంతా కుర్చీలు తెచ్చుకుని ఎర్నెస్తా వంటింటి గుమ్మంలో చేరేవాళ్ళు. ఎర్నెస్తా గొంతు గంట. ఆవిడ "ఆవే మరియా" అని మరియమ్మకి దణ్ణం ఎత్తుకుంటుంది, సగం చెప్తుంది, మిగతావాళ్ళు మిగతా సగం అందుకుని "ఆమెన్" అంటారు. గోడకి ఇవతల జోవీత. "ఆవే" అనగానే మందు పోసే పిడి లాగేవాడు, "ఆమెన్" అనగానే పక్క తొడుక్కి జరిగేవాడు. పది అయ్యాక దేవుడికి మహిమ అని గ్లోరియా చెప్తారా, అప్పుడు చెయ్యి ఆపి, దీపం దగ్గరికి లాక్కుని పది తొడుగుల్లోకీ తొంగిచూసేవాడు, మందు అన్నింట్లో ఒకే ఎత్తున ఉందా లేదా అని. జపమాలకి యాభై ఆవేలు, పెట్టెకి యాభై తూటాలు. ఎంత బాగా కుదిరిందో చూశావా? మొత్తం పదహారేళ్ళు అలాగే చేశాడు. ఒక్క తప్పు లేదు. మే నెల కానప్పుడు కూడా ఎర్నెస్తాని బతిమాలుకునేవాడు, "ఒసేయ్, రెండు పెట్టెలు కావాలే, కాస్త ప్రార్థన చేసుకోరాదూ" అని. ఆవిడ, "నీ ఆత్మ కోసం అడిగితే ఒక్కటీ చెయ్యను, తూటాల కోసం అడిగావు కాబట్టి చేస్తా" అనేది. ఫాదర్ గారికి తెలిసి ఒకసారి దారిలో ఆపాడట. "ఏం జోవీతా, నువ్వు రాకపోయినా నీ తూటాలన్నీ స్వర్గానికి పోయేలా ఉన్నాయే!" వీడు టోపీ తీసి, "అవి ముందెళ్ళి నాకు చోటు పడతాయి ఫాదర్" అన్నాడు. అటువంటి మనిషి.

సరే, ఆ ఏడు మే ఆఖరి ఆదివారం లుమెజ్జానే వాళ్ళతో గురి పందెం. వాళ్ళు కొండకి అటుపక్క కుళాయిలూ చెంచాలూ చేసుకునే జనం, మనమేమో నాలుగొందల ఏళ్ళుగా తుపాకులు చేసే జనం. అయినా తొమ్మిదేళ్ళుగా వాళ్ళే గెలుస్తున్నారు! సిగ్గుచేటు కదూ? వాళ్ళ పెద్ద బోర్తోలో అని, ఇంత బొజ్జ, ఎక్కడ కనపడినా "ఏవోయ్ ఫిర్మో, మీ వాళ్ళకి కొన్ని చెంచాలు పంపనా, విసురుకుంటారు?" అనేవాడు నన్ను. ఆ ఏడు మాత్రం మనకి మార్షల్ గారు ఉన్నారు, మారిన పిస్తోలు ఉంది. మూడొందల తూటాలు కావాలన్నారు. శుక్రవారం మూడు జపమాలలు, శనివారం మూడు. శుక్రవారం బ్రహ్మాండంగా అయింది. శనివారం పొద్దున ఎర్నెస్తాకి పన్ను వాచింది. బుగ్గ ఇంత. నోరు తెరవలేదు. అందుకని జపమాల ఎత్తుకోవడానికి డొమెనికాని కూర్చోబెట్టారు, పాపం ఎనభై మూడేళ్ళ ముసల్ది, మా పెద్దమ్మ వరస. ఆవిడ సంగతి నేను అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ రొట్టె నములుతూ కూడా నిద్రపోతుంది. కానీ నేను ఆ మధ్యాహ్నం కొట్లో లేను, చెక్క కోసం పైకి వెళ్ళాను.

ఆదివారం మైదానం నిండా జనం. గోడకి ఇవతల పెద్ద ఇనప ఊచ మీద మాంసం తిరుగుతోంది, పొద్దున ఆరింటి నుంచీ తిప్పుతున్నారు, ఆ సేజీ ఆకు వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. గోడకి అవతల పందెం. మనవాళ్ళు ఇరగదీస్తున్నారు. ఆఖరి వంతు మీ తాతది, ఇంక ఐదు గుళ్ళే మిగిలాయి, ఐదూ ఓ మాదిరిగా కొట్టినా చాలు మనదే గెలుపు. బోర్తోలో మొహం చూడాలి! బొజ్జ కూడా సగం తగ్గింది. జోవీత ఇవతల బల్ల దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి, లోపల్నించి ఒక్కో చప్పుడు వినపడినప్పుడల్లా "అది నాదే, అదీ నాదే" అని మురిసిపోతున్నాడు. అప్పుడు ఎర్నెస్తా, వాపు కాస్త దిగింది, మా ఆవిడతో చెప్పి నవ్వుతోంది. "నిన్న చూడాలే తల్లీ డొమెనికాని! ఆవే మరియా అని ఎత్తుకుంది, సగంలో గురక! పక్కనున్నామె మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచి, మళ్ళీ మొదట్నించీ ఆవే మరియా అంది! మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం, గ్లోరియా కూడా మర్చిపోయి తర్వాతి పదికి వెళ్ళిపోయాం, ఆ దేవుడే క్షమించాలి."

మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను. జోవీత నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఎన్నిసార్లు?" అన్నాడు. "ఏంటి ఎన్నిసార్లు?" అంది ఆవిడ. "మధ్యలో ఆమెన్ లేకుండా ఆవే ఎన్నిసార్లు అందే?" "రెండు." అంతే. రెండు ఆవేలకి రెండుసార్లు పిడి లాగుంటాడు, జరిగుండడు. గ్లోరియా లేదు కాబట్టి తొంగిచూసి ఉండడు. నాకు అప్పుడు తట్టింది. అప్పుడు అర్థమైంది నాకు, వాడి చేతులు పనిచేస్తుంటే బుర్ర సెలవులో ఉండేదని. "ఫిర్మో, ఏ పెట్టెలోదో నాకు తెలీదు రా" అన్నాడు, నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆలోచించు. నోరు మూసుకుని ఊరుకుంటే? మూడొందల్లో ఒకటి, ఐదే మిగిలాయి మీ తాతవి, ఏం కాకపోవచ్చు. ఆ చెడ్డది ఆ ఐదింట్లో లేకపోవచ్చు. నోరు తెరిస్తే? పందెం పోయినట్టే, ఎందుకంటే ఆ కొలత తూటాలు మనవాళ్ళకి తప్ప ఎవరికీ లేవు, వాళ్ళవి వేరే కొలత, అడిగి తెచ్చుకోడానికీ లేదు. పదేళ్ళ పరువు. పైగా లోయ మొత్తం వాడి తూటాలే కొంటోంది. వాళ్ళందరి ముందూ, బోర్తోలో ముందూ, నా తూటాలో తప్పుందని వాడి నోటితో వాడే చెప్పాలి. ఒక్క అర నిమిషం నిలబడ్డాడేమో. తర్వాత టోపీ తీసేసి, గోడ ద్వారంలోంచి తిన్నగా నిలబడి పేల్చే గీత దాకా నడిచాడు. అక్కడ పేలుస్తున్నప్పుడు ఎవరూ పోకూడదు, అరుస్తున్నారు అందరూ, వినిపించుకోలేదు. మీ తాత చెయ్యి ఎత్తి గురి పెట్టి ఉన్నాడు. జోవీత పక్కకి వెళ్ళి, పెళ్ళికూతుర్ని పిలిచినంత మెల్లిగా, "మార్షల్ గారూ, చెయ్యి దించండి. ఇవి నావి. మంచివి కావు" అన్నాడు. ఆ మాట మైదానం అంతా వినపడింది. అంత నిశ్శబ్దం అయిపోయింది లే.

ఓడిపోయాం. పదో ఏడు. బోర్తోలో ముక్కు చీదుకున్నాడు. జోవీత అక్కడే బల్ల మీద గుడ్డ పరిచి, మిగిలిన తూటాలన్నీ, నలభయ్యో ఎన్నో ఉన్నాయి, ఒక్కొక్కటే విప్పి మందు తూచాడు. రెండూళ్ళ వాళ్ళూ చుట్టూ మూగారు, ఊచ మీద మాంసం మాడుతోందని కూడా ఎవరికీ పట్టలేదు. ఒకటి విప్పుతాడు, తూస్తాడు, బాగుంది. ఇంకోటి, బాగుంది. చివరిదాకా అన్నీ బాగున్నాయి! ఒక్కటీ చెడ్డది లేదు. ఆవేల సంగతి ఈలోపు ఎర్నెస్తా నోట అందరికీ పాకింది, ముందు ఒకడు నవ్వాడు, తర్వాత ఇద్దరు, తర్వాత మైదానమంతా. బోర్తోలో కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "జోవీతా, పైనున్న మరియమ్మ మా ఊరి ఆడపిల్ల రా!" అన్నాడు. ఆ రోజు నుంచి వాడు ఆవే మరియా. రొట్టె కొనడానికి వెళ్తే "ఆవే మరియా వచ్చాడు, జరగండి". రోడ్డు మీద వెళ్తుంటే అవతలి కిటికీలోంచి ఎవరో "ఆవే!" అంటారు, ఇవతలి కిటికీలోంచి ఇంకొకరు "ఆవే!" అంటారు, ఎవరూ ఆమెన్ అనరు. వాడు తలెత్తి తనే "ఆమెన్, మీ మొహాలు" అనేవాడు. కోపం తెచ్చుకోలేదు, అదేం మనిషో. తూటాలు మాత్రం కొనడం ఎవరూ మానలేదు. ఆ మరుసటి నెల లుమెజ్జానే నుంచి కూడా ఇద్దరు వచ్చారు, వాళ్ళ కొలతవి చేయించుకోడానికి, టోపీలు కిందికి లాక్కుని, ఎవరూ చూడకుండా.

ఇంకా ఉంది. అయిపోయిందనుకున్నావా? పొలెంటా వాసన అప్పుడే రాదులే, కూర్చో. ఇది ఎవరికీ చెప్పలేదు నేను. మీ నాన్నకి కూడా తెలీదు. ఆ పందెం అయిన నాలుగో రోజు మీ తాత నా కొట్టుకి వచ్చాడు, తలుపు వేసుకున్నాడు. జేబురుమాలు విప్పి పిస్తోలు తీశాడు. నేను చెక్కిన పిడి, రెండు పక్కలా నిలువునా చీలి ఉంది. నా పని మీద తిట్టడానికి వచ్చాడనుకున్నా. "చెక్కది కాదు ఫిర్మో" అని, చొక్కా జేబులోంచి ఒక ఇత్తడి తొడుగు తీసి నా అరచేతిలో పెట్టాడు. ఉబ్బిపోయి ఉంది. అడుగున నిప్పు బిళ్ళ నలిగి పల్చగా అయిపోయింది. చెక్కపనివాణ్ణి, నాకే అర్థమైంది. ఆ చివరి వంతు కంటే ముందు వంతులోనే, ఆరుగురు ఒకేసారి పేలుస్తున్నప్పుడు, ఆ రెండు ఆవేల తూటా పేలిపోయింది! గాడిద తన్నినట్టు తన్నిందట, మోచెయ్యి దాకా జివ్వుమందట, కానీ గొట్టం ఆగింది. మన జోవీత చేసిన గొట్టం. వాడి తప్పు వాడి పనిలోనే ఆగిపోయిందమ్మా. "పైగా అది నడిమధ్య పది గుర్తులో పడింది, తెలుసా?" అన్నాడు మీ తాత, నవ్వు ఆపుకోలేక. మొదట తూటా అనుమానం రాలేదట, చెక్క లోపమే అనుకున్నాడట. కానీ పోలీసు బుద్ధి పోదు కదా, ఆ తొడుగు వంగి తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత జోవీత గీత దాకా వచ్చి ఆ మాట అన్నాక తెలిసింది.

"మరి అక్కడే చెప్పలేదేం?" అన్నా. మీ తాత కుర్చీలో కూర్చుని చెయ్యి రుద్దుకున్నాడు. "నవ్వితే తట్టుకుంటాడు వాడు. ఇది చూస్తే తట్టుకోలేడు. మళ్ళీ ఆ మీట ముట్టుకోడు, పిస్తోలూ ముట్టుకోడు. పిడి కొత్తది చెక్కు, నోరు మూసుకో" అన్నాడు. ఇద్దరం మెల్లా నది వంతెన మీదికి నడుచుకుంటూ వెళ్ళి ఆ తొడుగు నీళ్ళలో పడేశాం. పిచ్చి జోవీతేమో పదేళ్ళపాటు, పందెం నాటి తొడుగుల్లో ఒకటి తక్కువైందని, బోర్తోలోనే ఎత్తుకుపోయాడని, కనపడిన ప్రతివాడికీ చెప్పేవాడు! మీ తాతా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా అటు తిరిగి దగ్గేవాళ్ళం.

మీ తాత ముందు పోయాడు. తర్వాత రెండేళ్ళకి జోవీత ఆసుపత్రిలో పడ్డాడు, ఊపిరితిత్తులు. రోజూ వెళ్ళేవాణ్ణి, సాయంత్రం నాలుగింటికి. నవ్వుతూనే ఉండేవాడు, నర్సులు కూడా ఆవే మరియా అనడం నేర్చుకున్నారు. ఒక రోజు నవ్వలేదు. "ఫిర్మో, ఒకటి అడుగుతా, నిజం చెప్పాలి" అన్నాడు. మార్షల్ గారే పోయారు కదా, ఇంకెవరి కోసం దాచడం, చెప్పేద్దామా అనిపించింది కూడా, ఒట్టు. "ఆ రోజు నేను వెళ్ళి ఆపకపోతే, మనం గెలిచేవాళ్ళమే కదూ?" అన్నాడు. పదేళ్ళ నుంచి వాడికి అదే బాధేమో, ఊరి పరువు ఊరికే పోగొట్టానని అనుకున్నా. ఏం చెప్పను? మార్షల్ గారికి మాట ఇచ్చాను. "గెలిచేవాళ్ళం రా" అన్నా. "శుభ్రంగా గెలిచేవాళ్ళం. నీ వల్లే ఓడిపోయాం."

వాడు కళ్ళు మూసుకున్నాడు. మొహం అంతా విచ్చుకుంది తల్లీ, నేను వాణ్ణి అంత సంతోషంగా ముద్ర పడిన రోజున కూడా చూడలేదు. "అయితే ఒక్కటి కూడా చెడలేదన్నమాట" అన్నాడు. "పదహారేళ్ళలో ఒక్కటి కూడా."

నేను అవునన్నాను.

ఆ... ఏంటి చూస్తున్నావ్ అలాగ? మీ తాత కళ్ళే నీవి కూడా. తాగు, కాఫీ చల్లారిపోయింది. అమ్మాయ్ లుచియా! ఏదీ పొలెంటా, అయిందా లేదా?